నేల ఏం చేస్తోందో చూడండి

‘పోగూ పొరా’ శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో “మీ ఊరి నేలను బట్ట మీదికి తెచ్చుకోండి” అని ఒక మాట రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో సగం “మా ఊళ్లో చూడటానికి ఏముందండీ” అనేవే. మిగతా సగం రంగులు, జిగురు, ధర, అత్తగారు. కొన్నింటికి ఇక్కడ జవాబు చెబుతున్నాను. మిగతావాళ్లు కోపగించుకోకండి, మీ ప్రశ్న కూడా దాదాపు ఇదే.

*

“మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. బొంతలు, ప్యాచ్‌వర్క్ బాగా కుడతాను. గోడకు తగిలించే పెద్ద ముక్క ఒకటి చేయాలని ఆశ. కానీ మా దగ్గర గుండ్లు, తుమ్మచెట్లు, ఎర్ర చెలకలు తప్ప ఏమీ లేవు. అరకో, కోనసీమో వెళ్లి ఫొటోలు తెచ్చుకుని కుట్టమంటారా?”
— ఒక గృహిణి, నల్గొండ జిల్లా

అరకు వెళ్లండి. చల్లగా ఉంటుంది, కాఫీ బాగుంటుంది. కుట్టుపని కోసం మాత్రం వెళ్లనక్కర్లేదు. రెండు రోజులు తిరిగొచ్చిన చోటు నుంచి మనకు మిగిలేది ఫొటోయే. ఆ ఫొటో మనకంటే ముందు లక్షమంది తీసి ఉంటారు. దాన్నే దారంతో మళ్లీ కుడితే మీ బొంతకుట్టు ఎందుకు, ప్రింటింగ్ షాపు చాలు.

మీ ఉత్తరంలో ‘గుండ్లు తప్ప’ అన్నచోట నేను ఆగిపోయాను. ఆ గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎవరో తెచ్చి పేర్చినట్టు కనిపిస్తాయి గానీ, భూమి లోపల ఉన్నప్పుడే ఆ గ్రానైటు నిలువుగా, అడ్డంగా పగుళ్లిచ్చింది. పగుళ్లలోకి నీళ్లు దిగాయి. దిమ్మెకు మూల అంటే మూడు వైపుల నుంచీ నీళ్లు తగిలే చోటు కదా, అందుకని ముందు మూలలే అరిగాయి. అలా లోపలే గుండ్రబడ్డాక, చుట్టూ పొడిబారిన మట్టి వానలకు కొట్టుకుపోయింది. గట్టిగా ఉన్నవి ఒకదాని మీద ఒకటి నిలబడిపోయాయి. ఇప్పటికీ వాటి పైపొర ఉల్లిపొరలా ఊడుతూనే ఉంటుంది. దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టండి, అంచు వేలికి తగులుతుంది.

ఇక మీ చేతిలో ఉన్న విద్య ఏమిటి? పాత చీరలు పొరలు పొరలుగా పరిచి కుట్టడం. ఇంతకంటే మంచి జోడీ నాకు తెలిసి లేదు. గుండు బొమ్మ కుట్టొద్దు. గుండుకు ఎండా వానా ఏం చేశాయో, అదే పని బట్టకు చేయండి.

నాలుగైదు పాత నూలు చీరల ముక్కలు తీసుకోండి. అడుగున చెలక ఎరుపు. దాని మీద బూడిద రంగు. దాని మీద వెలిసిన గులాబి (మీ గ్రానైటులో గులాబి ఛాయ ఉంటుంది, గమనించండి). అన్నిటికంటే పైన మాసిన తెలుపు. అన్నీ కలిపి బొంతకుట్టు వేయండి. నిలువు వరసలు కాదు, గుండ్రంగా, ఒక వరస చుట్టూ ఇంకో వరస. ఆ తర్వాత చిన్న కత్తెరతో ఒకచోట పైపొర ఒక్కటే కోయండి, ఇంకోచోట రెండు పొరలు కోయండి, మూలల దగ్గర చెలక ఎరుపు కనబడేదాకా వెళ్లండి. కోసిన అంచును లోపలికి మడిచి నీటుగా కుట్టాలనిపిస్తుంది, మన చేతులకు ఆ అలవాటు ఉంది. మడవొద్దు. రెండు మూడు సార్లు ఉతికి ఎండలో వేస్తే అంచులు వాటంతటవే పీచు లేస్తాయి. అప్పుడు చూడండి ఆ ముక్క ఎలా ఉంటుందో.

గ్రానైటులో తెల్ల పలుగురాయి చారలు అడ్డంగా పోతుంటాయి. వాటికి పాత చీర అంచులోని సన్నటి జరీ పీలిక ఒకటి చాలు, రెండు వేస్తే పెళ్లి బట్టలా ఉంటుంది. దగ్గర్లో క్వారీ ఉంటే రాయి చీల్చిన ముఖం చూడండి. చీలిక వెంట వరసగా సగం సగం రంధ్రాలు కనిపిస్తాయి. ఎక్కడ కుట్టు వేయాలో, ఎంత ఎడం ఉంచాలో ఆ రాయే కొలిచి పెట్టింది.

ఇంకో సంగతి. మీ పాత నల్గొండ జిల్లాలోనే పోచంపల్లి, పుట్టపాక ఉన్నాయి. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట దారంతో బిగించి) రంగు అద్దిన పోగులు మగ్గం మీద కొంచెం అటూ ఇటూ జరుగుతాయి, అందుకే ఆ బొమ్మల అంచు మసకగా వస్తుంది. మే నెల మిట్టమధ్యాహ్నం మీ చెలకల మీదుగా దూరం చూడండి, అక్కడా దేనికీ అంచు ఉండదు. నేతగాళ్ల ఇళ్లలో కట్‌పీసులు దొరికితే దూరపు నేలకు అవి వాడుకోండి, దగ్గరి నేలకు బొంత. ఇక కోనసీమ ఎందుకు చెప్పండి.

*

“ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను మేడమ్. సముద్రం మీద ఒక టెక్స్‌టైల్ సిరీస్ చేయాలి. ఏం చేసినా అలలు, పడవ, కొబ్బరిచెట్టు వచ్చి క్యాలెండర్‌లా తయారవుతోంది. సబ్‌మిషన్ దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.”
— ఒక విద్యార్థిని, కాకినాడ

క్యాలెండర్‌లో లేని సముద్రం నీకు పక్కనే ఉంది తల్లీ. ఉప్పాడ బస్సెక్కు.

అక్కడ సముద్రం ఊరిని కోసుకుంటూ వస్తోంది. ఇళ్లు పోయాయి, వీధులు పోయాయి, తుపాను వచ్చినప్పుడల్లా బీచ్ రోడ్డు తెగుతుంది, మళ్లీ రాళ్లు పోసి వేస్తారు. ఆ కోత ఆపడానికి ఒకప్పుడు ఏం వేశారో తెలుసా? జియో ట్యూబులు. అంటే గుడ్డ. గట్టి సింథటిక్ గుడ్డతో పొడవాటి గొట్టాలు కుట్టి, ఇసుక నింపి, ఒడ్డు వెంట పరిచారు. కాలం గడిచేకొద్దీ అవీ చిరిగాయి. టెక్స్‌టైల్ చదివే పిల్లవి, సముద్రానికి గుడ్డ అడ్డం పెట్టిన ఊరు అరగంట దూరంలో పెట్టుకుని కొబ్బరిచెట్టు కుడుతున్నావు.

అదే ఊళ్లో జాందానీ నేస్తారు. నేస్తున్న బట్టలోకి బొమ్మ కోసం అదనపు పోగును చేత్తో చొప్పించుకుంటూ పోతారు. ముందువైపు, వెనకవైపు ఒకేలా ఉంటుంది. ఒడ్డున ఒకటి తీసేస్తుంటే మగ్గం మీద ఒకటి చేరుస్తున్నారు. నీ సిరీస్ మొత్తానికి ఈ రెండు పనులు చాలు: పోగు తీయడం, పోగు చేర్చడం.

నేనైతే ఇలా మొదలుపెడతాను. వదులుగా నేసిన తెల్ల నూలు బట్ట తీసుకో. ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడుగు: ఏ వీధి ఎక్కడ ఉండేది, గుడి ఎక్కడ, వలలు ఎక్కడ ఆరేసేవాళ్లు. వాళ్లు చెప్పిన పటాన్ని రన్నింగ్ కుట్టుతో బట్ట మీద వేసుకో. ఆ తర్వాత సముద్రం వైపు అంచు నుంచి పేక పోగులు (అడ్డ పోగులు) ఒక్కొక్కటి లాగెయ్. పడుగు పోగులు (నిలువు పోగులు) మాత్రం వేలాడుతూ ఉంటాయి. కుట్టిన వీధి కింద బట్ట పోతుంది, కుట్టు దారం మాత్రం పడుగు పోగుల మధ్య వదులుగా వేలాడుతుంది. ఎక్కడిదాకా లాగాలో నువ్వు తేల్చుకో. ప్రతి దశకీ ఫొటో తీసుకో, మాస్టారు అడుగుతారు.

వాళ్ల ఇల్లు పోయిన కథ అడిగేటప్పుడు ఎందుకు అడుగుతున్నావో ముందే చెప్పు. ముక్క పూర్తయ్యాక తీసుకెళ్లి చూపించు. గోడ మీద తగిలించాక వాళ్లను పిలవడం మర్చిపోయే కళాకారులు చాలామందిని చూశాను, నాకు నచ్చదు.

పాత వల ముక్కలు, తాడు పీచు, తుప్పు పట్టిన మేకులు ఏరుకో, పనికొస్తాయి. గవ్వలు మాత్రం అతికించకు. దయచేసి.

*

“రిటైరయ్యాక పొలం దగ్గరే ఉంటున్నాను. మా నల్లరేగడి, పక్క ఊరి ఎర్రమట్టి నీళ్లలో కలిపి బట్ట మీద బొమ్మలు వేస్తున్నాను. చూడ్డానికి బాగుంటున్నాయి, ఒక్క ఉతుక్కి పోతున్నాయి. కలంకారీ మాత్రం ఎన్నేళ్లయినా పోదు. తేడా ఎక్కడుందండీ?”
— ఒక విశ్రాంత ఉద్యోగి, గుంటూరు జిల్లా

తేడా మట్టిలో లేదండి, రంగు పోగును పట్టుకునే తీరులో ఉంది. మట్టి రేణువు పోగు మీద కూర్చుంటుంది, అంతే. అద్దకం రంగు పోగుతో కలిసిపోతుంది. మీకు ఏది కావాలో ముందు తేల్చుకోండి.

గోడకు తగిలించేదైతే ఉతకాల్సిన పని లేదు, మట్టినే వాడండి. నీళ్లలో కలిపి, బరువైన ఇసుక అడుగుకు దిగాక పైనున్న మట్టినీటిని వేరే గిన్నెలోకి వంపండి. అది పేరుకున్నాక నీళ్లు తీసేసి, ఆరబెట్టి, మెత్తగా నూరి, తుమ్మబంక నీళ్లలో కలపండి. చేర్యాల నకాషీ చిత్రకారులు బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, బంక కలిపి పూత వేసి దాని మీద రంగులు వేస్తారు. ఆ పూత మీద మీ నల్లరేగడి పడితే పగుళ్లిస్తుంది కూడా. ఆ పగుళ్లను ‘పాడైంది’ అనుకుని పూడ్చకండి. వేసవిలో మీ పొలం చేసేది అదే కదా. పగుళ్ల వెంట దారంతో కుట్టుకుంటూ వెళ్లారంటే ముక్క తయారు. కాకపోతే మట్టి మందంగా వేస్తే రాలుతుంది. పలచగా, పొర ఆరాక పొర వేయండి.

ఉతికినా నిలవాలంటే మాత్రం కలంకారీవాళ్ల దారిలో వెళ్లాలి. బట్టను ముందు కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెడతారు. కరక్కాయలోని వగరు రంగును పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు, కలం గీసిన గీత అటూ ఇటూ పాకకుండా ఆపుతుంది. నలుపు కోసం కసిమి చేస్తారు. తుప్పు పట్టిన ఇనప ముక్కలు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టి వడకడతారు. కసిమిలో ముంచిన కలం కరక్కాయ పట్టిన బట్ట మీద తగలగానే గీత నల్లబడుతుంది. ఇనుమూ వగరూ కలిసి పుట్టే నలుపు అది, ఉతికితే పోదు. ఎరుపు కావాలంటే పటిక నీళ్లతో గీసి, తర్వాత మంజిష్ఠలోనో, చిరివేరులోనో ఉడకబెడతారు. పటిక పడినచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. పసుపుకు దానిమ్మ తొక్క. మోదుగ పూలూ పనికొస్తాయి గానీ, ఎండకు త్వరగా వెలుస్తాయి.

కొలతలు అడుగుతారని నాకు తెలుసు. వంద గ్రాముల నూలు బట్టకు నేను ఇరవై గ్రాముల కరక్కాయ పొడి, పదిహేను గ్రాముల పటిక వాడతాను. గ్రంథాల్లో ఇంకో లెక్క ఉండొచ్చు, నాకు ఇది సరిపోతోంది.

మీరు అడగలేదు గానీ, అసలు సంగతి నీళ్లు. శ్రీకాళహస్తిలో కలంకారీ స్వర్ణముఖి ఒడ్డున పెరిగింది, పెడనలో బట్టలు కాలువ నీళ్లలో జాడిస్తారు. అదనపు రంగు బట్ట మీద ఇంకోచోట అంటకుండా కొట్టుకుపోవాలంటే పారే నీరు కావాలి మరి. మన తీరంలో దొరికే చిరివేరుకు ఒకప్పుడు అంత పేరు రావడానికి, అది పెరిగిన ఇసుకలోని గవ్వల సున్నమే కారణమని చెబుతారు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు 17వ శతాబ్దం మొదట్లోనే మచిలీపట్నంలో దిగి కోఠీలు పెట్టుకున్నారంటే, అందులో ఈ అద్దకం బట్టల వాటా తక్కువేం కాదు.

కనుక మీ బోరు నీళ్లు, కాలువ నీళ్లు, పట్టి పెట్టిన వాననీళ్లు మూడు గిన్నెల్లో పోసి, ఒకే దానిమ్మ తొక్క రంగులో మూడు గుడ్డముక్కలు ముంచి చూడండి. బోరులో ఇనుము ఉంటే పసుపు కాస్తా ఆలివ్ పచ్చకి తిరుగుతుంది. చాలామంది అప్పుడు రంగు పాడైందని బాధపడతారు. పాడవలేదండి, మీ ఊరి భూగర్భం బట్ట మీద కనిపించింది. అలాంటి ముక్కలు పది చేర్చి పక్కపక్కన కుట్టండి, ఏ గిన్నె నీళ్లో దారంతో రాయండి. నన్నడిగితే పొలం బొమ్మ కంటే అదే మీ పొలానికి దగ్గర.

*

“వేటపాలెం అమ్మాయిని. పెళ్లయ్యాక అమెరికా వచ్చి ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. ఎంబ్రాయిడరీ, కోలాజ్ చేస్తాను. పిల్లలకు మన వైపు చూపిద్దామని నెట్‌లో పల్లెటూరి ఫొటోలు చూసి కుడుతుంటే చేతికి రావడం లేదు. ఇక్కడి నేల చూస్తే నాది అనిపించదు. ఏం చేయాలి పిన్నిగారూ?”
— ఒక పాఠకురాలు, కాలిఫోర్నియా

మావైపు పిల్లవేనన్నమాట. అయితే చినగంజాం ఉప్పు కొటార్లు నీకు తెలియనివి కావు. రైలు కిటికీలోంచి చూసే ఉంటావు. గళ్లు గళ్లుగా మళ్లు, మధ్య సన్నటి గట్లు, కుప్పలు పోసిన ఉప్పు. ఇప్పుడు నువ్వున్న చోటు సంగతి చెబుతాను విను. ఫ్రీమాంట్, నెవార్క్ పక్కన బే (శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం) అంచు వెంట ఉన్నవి కూడా ఉప్పు మళ్లే. 19వ శతాబ్దం నుంచీ అక్కడ ఉప్పు తీస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విమానం దిగేటప్పుడు కింద పచ్చ, నారింజ, ఎరుపు గళ్లు కనిపిస్తాయే, అవే. నీళ్లు ఇగిరి ఉప్పు చిక్కబడేకొద్దీ అందులో బతికే నాచు, సూక్ష్మజీవులు మారుతాయి, దాంతో నీటి రంగు మారుతుంది. మన దగ్గరా చిక్కటి ఉప్పునీరు ఎర్రగా తిరగడం నువ్వు చూసే ఉంటావు. రంగు పూసింది ఒకే రకం జీవులు.

నీది కాదనుకున్న నేల అది. వెళ్లి గట్టు మీద నడువు, పిల్లల్నీ తీసుకెళ్లు.

రెండు ముక్కలు చెయ్, ఒకే కొలతలో. ఒకటి చినగంజాం, ఒకటి ఫ్రీమాంట్. పేర్లు కింద రాయకు, ఎవరు ఏది పోల్చుకుంటారో చూద్దాం. అక్కడ కొన్ని మళ్లకు గండి కొట్టి, బే నీళ్లు లోపలికి రానిచ్చి, తిరిగి చిత్తడి నేలగా మారుస్తున్నారు. కాబట్టి ఫ్రీమాంట్ ముక్కలో గడుల గీతలు ముందు గట్టిగా కుట్టి, ఆ తర్వాత కొన్ని కుట్లు విప్పెయ్. సూది గుచ్చిన రంధ్రాలు బట్టలో ఉండిపోతాయి, అవి ఉండాలి. చినగంజాం ముక్కలో విప్పేది లేదు. ప్రతి ఏడూ వానలకు గట్లు కరిగితే మళ్లీ కట్టుకునేవాళ్లు మనవాళ్లు. కుట్టు మీద కుట్టు వెయ్, గట్టు లావెక్కేదాకా.

గడుల కొలతకు తేలియా రుమాలు తిరగెయ్. మన చీరాల సరుకే. నూనె, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలో నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపు గళ్లతో నేసి అరబ్బు దేశాలకు పంపేవాళ్లు. ఇప్పుడది ఎక్కువగా పుట్టపాకలో బతికి ఉంది. ఉప్పు మళ్లు చూసి ఆ గళ్లు వేశారని నేను అనడం లేదు, అలాంటి కథలు అల్లడం నాకిష్టం లేదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే కన్ను ఏదో ఒకటి పట్టుకుంటుంది, అందుకని చెప్పాను.

నిజం ఉప్పు కూడా వాడొచ్చు. చిక్కటి వేడి ఉప్పునీళ్లలో దారాలు వేలాడదీసి కదపకుండా ఉంచితే పోగుల మీద గడ్డకడుతుంది. అయితే సముద్రపు ఉప్పు గాలిలో తేమ పీల్చి కారుతుంది. మన వేటపాలెంలో అయితే శ్రావణమాసానికల్లా గోడ తడిసేది. మీ దగ్గర వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి కొంత నయం. ఎలాగైనా అద్దం పెట్టిన లోతు ఫ్రేములో ఉంచు.

*

“భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల రంగు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఒక సంచీ మట్టి తెచ్చుకుని నా మిక్స్‌డ్ మీడియా పనిలో వాడొచ్చా?”
— విశాఖపట్నం నుంచి

వద్దు. అది భూవారసత్వ స్థలం. వేల ఏళ్లపాటు గాలీ సముద్రమూ కలిసి పోసిన ఇసుక అది. మీరొక సంచీ, నేనొక సంచీ అంటే ఏమవుతుందో లెక్క వేసుకోండి. ఆ ఎరుపు ఇనుముది. మీ ఇంటి వెనక తుప్పు పట్టిన మేకులు, వెనిగరు, తడి గుడ్డ కలిపి చుట్టి ఉంచండి, రెండు మూడు రోజుల్లో అదే కుటుంబం రంగు గుడ్డ మీదికి వస్తుంది. దిబ్బల దగ్గర చూడాల్సింది రంగు కాదు, వాన చీల్చిన గాడులు. పైన వెంట్రుకవాసి గాడిగా మొదలై, కిందికి వచ్చేసరికి మనిషి దిగేంత లోతు అవుతుంది. మందపాటి ఫెల్ట్ మీద అలా కోసి చూడండి. బ్లేడు కొత్తది పెట్టుకోండి.

*

“నాకు బొమ్మలు వేయడం అస్సలు రాదు. కుట్టడం వచ్చు. నేను ఇలాంటివి చేయగలనా?”
— ఒక ఉపాధ్యాయురాలు, సిద్దిపేట

ముగ్గు వేస్తారా? అయితే వచ్చినట్టే. చుక్కలు పెట్టి, మధ్యలో ఖాళీ కొలుచుకుని, గీతను తిప్పడం కంటే ఈ పనిలో ఎక్కువేం లేదు. పాత శుభలేఖ అట్టలో అగ్గిపెట్టె అంత కిటికీ కోసి, దాంట్లోంచి చూడండి. కొండ మొత్తం కనబడదు, ఒక పగులో, ఒక నీడో, రెండు గడ్డిపరకలో కనబడతాయి. అవి ఎన్ని, ఎంత ఎడం, ఏ వాలు అని మాత్రమే రాసుకుని ఇంటికి రండి. బొమ్మ వేయడం వచ్చినవాళ్లకే ఇది కష్టం, వాళ్ల చెయ్యి ఊరుకోదు.

*

“మాది కైకలూరు దగ్గర. కొల్లేటి గుర్రపుడెక్క కాడలు ఎండబెట్టి, చీల్చి, నూలుతో కలిపి చేత్తో అల్లి, చేపల చెరువుల గట్లు పైనుంచి చూసినట్టు ఒక ముక్క చేశాను. మా అత్తగారు ‘గోడకు ఆ చిరుగుల గుడ్డ ఏంటే’ అంటున్నారు. చూసినవాళ్లు ‘ఇదేమిటి’ అని అడుగుతున్నారు, ఒకాయన కొంటానన్నారు. ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి?”
— ఒక పాఠకురాలు, ఏలూరు జిల్లా

ఫొటో చూశాను. మంచి పని. ముఖ్యంగా గట్ల మధ్య ఖాళీని ఏమీ నింపకుండా వదిలేసి, గోడ కనబడేలా చేశారు చూడండి, నీళ్లకు అంతకంటే ఏం కావాలి. ఒకప్పుడు ఒకే సరస్సుగా ఉన్నదాన్ని గళ్లు గళ్లుగా కోసి చెరువులు చేశారు. 2006లో కొన్ని గట్లు పగలగొట్టారు. మీ ముక్కలో కుడివైపు తెగి వేలాడుతున్న అల్లిక అందుకేనా? మీరు చెప్పలేదు, నాకలా అనిపించింది.

మీ అత్తగారితో వాదించకండి. చిరుగుల గుడ్డే కదా, ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆవిడ బొంతలు కుట్టిన తరం అయి ఉంటారు, తర్వాతి ముక్కకు ఆవిడ పాత చీరలు అడగండి. ఇస్తే, కుట్టు సాయం కూడా అడగండి. ఆ వయసువాళ్ల రన్నింగ్ కుట్టు ఎడం మన మెషిన్లకు రాదు. తన చీర గోడ మీద ఉంటే ఆవిడే నలుగురికీ చూపిస్తారు.

‘ఇదేమిటి’ అన్నవాళ్లకు పెద్ద పెద్ద మాటలు వద్దు. “మా ఊరి గట్లు, గుర్రపుడెక్కతో చేశాను” అనండి, అక్కడ ఆపండి. తర్వాత వాళ్లే మాట్లాడతారు. తమ చెరువు ఎక్కడుందో వెతుక్కుంటారు కూడా.

ధర సంగతి. కాడలు ఊరికే వచ్చాయి కదా అని తగ్గించకండి. కోసి, ఎండబెట్టి, చీల్చిన రోజుల కూలి వేయండి, మీ ఊళ్లో ఆడకూలీకి ఇప్పుడు ఎంత ఇస్తున్నారో కనీసం అంత. అల్లికకు నిపుణుల కూలి, అంటే దానికి రెట్టింపు. ఫ్రేము, నూలు, రవాణా విడిగా. మొత్తం చూసి మీకే ఎక్కువ అనిపిస్తుంది, అయినా అదే చెప్పండి. బేరమాడితే ఫ్రేము లేకుండా ఇస్తాననండి గానీ కూలి తగ్గించకండి. మొదటి ముక్క కాబట్టి అమ్మకపోయినా నష్టం లేదు, అలాంటిదే ఇంకోటి చేసిస్తానని అడ్వాన్సు తీసుకోవచ్చు.

అమ్మేముందు మాత్రం కాడలు ఎండలో మళ్లీ బాగా ఆరబెట్టండి. గుర్రపుడెక్క కాడ లోపల స్పాంజిలా ఉంటుంది, తేమ దాక్కుంటుంది, ముసురు పట్టగానే బూజు వస్తుంది. వెనకవైపు ఒక నూలు పట్టీ కుట్టి కర్ర దూర్చేలా చేయండి, మేకులు కొట్టొద్దు. ఆ పట్టీ మీదే ఊరి పేరు, కాడలు కోసిన నెల, వాడిన నూలు రకం మార్కింగ్ ఇంకుతో రాయండి. కొన్నాయన గోడకు ఎదురుగా కిటికీ ఉంటే వేరే గోడ చూసుకోమనండి. ఎండ తగిలితే ఆ కాడల రంగు ఏడాది తిరిగేసరికి గడ్డి రంగులోకి దిగిపోతుంది, అప్పుడు ఆయన మీకే ఫోన్ చేస్తారు.